ఎవరివాడో తేలేదాకా

రాజేశం తల పగిలిన సంగతి మా ఆఫీసుకు ఉదయం పదకొండుంబావుకు తెలిసింది. పగలగొట్టింది ఎవరో తెలియలేదు. అందువల్ల ఏమనుకోవాలో మాలో ఎవరికీ తోచక టీ తెప్పించుకున్నాం.

ఎర్రమడుగు బస్టాండు గోడ పక్కన ఒక చెక్క డబ్బా ఉంది. రాజేశం అందులో కూర్చుని గడియారాలు బాగుచేస్తాడు. యాభై దాటిన మనిషి. కంటికి భూతద్దం తగిలించుకుని, వంచిన తల ఎత్తకుండా ఇరవై ఎనిమిదేళ్లుగా అదే పని. ఆ వంచిన తల మీద ఎవడో ఇనుప రాడ్డుతో రెండు దెబ్బలు వేసి నడుచుకుంటూ పోయాడు. పరుగెత్తను కూడా లేదట. బస్టాండులో అరవై డెబ్బై మంది ఉన్నారు. పోలీసులు వచ్చి అడిగేసరికి అందరూ అప్పుడే బస్సు దిగినవాళ్లయ్యారు.

ఇంకో ఊళ్లో అయితే జనం కనీసం "అయ్యో పాపం" అని ఉండేవారు. మా ఊళ్లో అలా అనడానికి వీల్లేదు. పురపాలక సంఘం తీర్మానం ఉంది.

ఆ తీర్మానం సంగతి చెప్పాలంటే ఊరి సంగతి చెప్పాలి. మాకు పై వాడ, కింది వాడ అని రెండు వాడలు. నడుమ బజారు. బజారు చివర, పొట్ట చేతపట్టుకుని ఉత్తరాది నుంచి వచ్చినవాళ్లు ఉంటారు. వాళ్లను బయటివాళ్లు అంటాం, వచ్చి ఇరవై ఏళ్లయినా సరే. కులం అనే మాట మా ఊళ్లో ఎవరూ నోట రానివ్వరు. అది సంస్కారం కాదు. ఎక్కడైనా రక్తం కారితే మాత్రం ముందుగా "మనోడేనా?" అని అడుగుతారు. అవునంటే "మంచోడే, ఎందుకట్ల చేసిండో" అంటారు. కాదంటే "ఆళ్ల జాతే అంత" అంటారు. జవాబు వచ్చేదాకా దెబ్బ తిన్నవాడు ఆగాలి.

రెండేళ్ల కింద జాతరలో ఒక పండ్ల వ్యాపారిని ఎవరో పొడిచారు. పొడిచింది కింది వాడవాడేనని నమ్మి పై వాడ సంఘం అధ్యక్షుడు వెయ్యి మందితో ఊరేగింపు తీశాడు. ఊరేగింపు బజారు మధ్యకు వచ్చేసరికి ఆయనకు ఫోన్ వచ్చింది. పొడిచింది ఆయన బామ్మర్ది. వెయ్యిమంది ఎండలో నిలబడిపోయారు. వెనక్కి తిరిగితే పరువు తక్కువ, ముందుకు పోతే బామ్మర్ది. చివరికి దాన్ని అప్పటికప్పుడు ప్లాస్టిక్ నిషేధ ర్యాలీగా మార్చి, "ఖబడ్దార్" అని రాసిన అట్టలు వెనక్కి తిప్పి పట్టుకుని, మున్సిపల్ ఆఫీసు దాకా నడిచి ముగించారు.

అలాంటి అవమానం మళ్లీ జరగకూడదని ఇరు వాడల వాళ్లూ మొదటిసారి ఒక్కమాట మీదికి వచ్చి తీర్మానం చేయించారు. నిందితుడు ఎవరివాడో తేలేదాకా పట్టణంలో ఎవరూ కోపగించరాదు, జాలిపడరాదు, కొవ్వొత్తి వెలిగించరాదు. తేల్చడానికి 'ప్రజాగ్రహ సమన్వయ విభాగం' పుట్టింది. ఒకప్పుడు టీకాలు వేసిన గదిని దానికిచ్చారు. ప్రత్యేకాధికారిగా ప్రభంజన్ గారు వచ్చారు. జనన మరణాల సెక్షన్లో పుట్టుకలు రాసేవాడినని సహాయకుడిగా నన్ను వేశారు. నా పేరు సదానందం.

విభాగం ఇచ్చే ధ్రువపత్రంలో మూడు శ్రేణులు. నిందితుడు బయటివాడైతే సంపూర్ణ ఆగ్రహం: బంద్, దిష్టిబొమ్మ, ఉరి తీయాలన్న నినాదం. ఎదుటి వాడవాడైతే రాస్తారోకోకు మించకూడదు. మనవాడే అయితే ఆవేదన మాత్రమే. ఆవేదన అంటే, కుర్రవాడి చదువు గురించి నాలుగు మంచి మాటలు చెప్పి, దెబ్బ తిన్నవాడు ఏమని రెచ్చగొట్టాడో మెల్లగా వాకబు చేయడం. దరఖాస్తు ఫారంలో ఇరవై రెండు గడులున్నాయి. నిందితుడి ముత్తాత ఊరు ఆరో గడిలో వస్తుంది. బాధితుడి పేరు ఇరవై రెండో గడిలో, 'అవసరమనుకుంటే' అని కింద గీతతో.

పన్నెండు దాటాక రాజేశం భార్య సుగుణ మా గదికి వచ్చింది. చీర కొంగుకు రక్తం ఎండిపోయి ఉంది. చేతిలో ఆసుపత్రి చీటీ.

"సార్, పోలీస్ స్టేషనుకు పోతే ఈడికి పొమ్మన్నరు. ఈడ ఏదో కాయితం ఇస్తరంట గదా. అది జల్ది ఇయ్యండ్రి. నా మొగణ్ని కొట్టినోడు బయట తిరుగుతుండు."

ప్రభంజన్ గారు కుర్చీ చూపించారు. ఆయన ఎప్పుడూ మర్యాద తప్పరు. "అమ్మా, మీ పట్ల ప్రభుత్వానికి ఏ అభిప్రాయమైనా కలగాలంటే ముందుగా సదరు నిందితుని మూలములు నిర్ధారణ కావలెను. అంతవరకు మేము తటస్థముగా విచారిస్తున్నాము."

"మూలాలేంది సార్? మా ఆయనకు పద్దెనిమిది కుట్లు పడ్డయి."

"కుట్ల సంఖ్య మా పరిధిలోనికి రాదు. ఆ వ్యక్తి ఏ భాష మాట్లాడినాడు?"

"నేను లేను సార్. పక్కన పూలమ్మే ఆమె చెప్పింది. వాడు హిందీల తిట్టిండంట."

ప్రభంజన్ గారి ముఖం అంతగా వెలగడం నేను ఉద్యోగంలో చూడలేదు. కలం మూత తీశారు. "సదానందం, సంపూర్ణ ఆగ్రహము మంజూరు. రెండు రోజులు."

"మరి వాణ్ని పట్టుకుంటరా సార్?"

"అమ్మా, పట్టణము మొత్తము మీ వెంట ఉన్నది. ఇంకేమి కావలెను?"

ఆమెకు ఇంకేం కావాలో ఆమె అప్పుడే చెప్పింది. కానీ దానికి ఫారంలో గడి లేదు.

మరునాడు ఎర్రమడుగు అద్భుతంగా కోపగించింది. పొద్దున ఆరింటికే దుకాణాలు మూతపడ్డాయి. పై వాడ, కింది వాడ భుజం భుజం కలిపి నడిచాయి. అంత ఐకమత్యం చూసి కొందరు పెద్దలు కళ్లు తుడుచుకున్నారు. రాజేశం ఫొటో దొరక్క, ఎవరి దగ్గరో ఉన్న పెళ్లి ఫొటోలోంచి ఆయన తల కత్తిరించి ఫ్లెక్సీ వేశారు. మెడలో పూలదండ అలాగే ఉండిపోయింది కాబట్టి చాలామంది ఆయన చనిపోయాడనే అనుకున్నారు. 'బయటివాళ్లు బయటికి' అని నినాదం. అదే ఊపులో బజారు చివర నాలుగు పానీపూరి బండ్లు బోర్లాపడ్డాయి.

మధ్యాహ్నానికి నిందితుడు కూడా దొరికాడు. పేరు మున్నాలాల్. పద్నాలుగేళ్లుగా బస్టాండు ఎదుట పానీపూరి అమ్ముతాడు. చొక్కా నిండా రక్తం. ఆ రక్తం రాజేశందేనని అతనే ఒప్పుకున్నాడు. ఇంకేం కావాలి? లాకప్పులో వేసి, తలుపు ముందు ఇద్దరు కానిస్టేబుళ్లను పెట్టారు. లోపలివాణ్ని జనం నుంచి కాపాడటానికా, జనాన్ని లోపలివాడి నుంచి కాపాడటానికా అన్నది వాళ్లకే తెలియదు.

సుగుణ సాయంత్రం మళ్లీ మా గదికి వచ్చింది. ఈసారి కూర్చోలేదు.

"గా మున్నాలాల్‌ను ఎందుకు పట్టుకున్నరు సార్? బస్టాండుల అందరూ నిలబడి చూస్తుంటే, ఆ ఒక్కడే పూరీలు కింద పారబోసి మా ఆయనను బండి మీద పండబెట్టిండు. దవాఖాన దాక బండి తోసుకుంట ఉరికిండు. నెత్తురు అంటకపోతే ఎట్లుంటది?"

ప్రభంజన్ గారు బాధగా చూశారు. "అమ్మా, ఐదు వేల మంది మీ కోసం ఎండలో నడిచినారు. ఈ దశలో మీరిట్లు మాట్లాడుట ప్రజల మనోభావములను దెబ్బతీయుట కాదా?"

"నా మొగని తలకాయ దెబ్బతిన్నది సార్!"

"అది నిన్నటి అంశము," అన్నారాయన.

అప్పుడు నేనేం చేశానని మీరడగవచ్చు. ఆమె మాటలన్నీ 'ఇతర విషయాలు' అనే గడిలో రాసుకున్నాను. అక్షరాలు గుండ్రంగా వచ్చాయి.

మూడో రోజు పొద్దున ప్రభంజన్ గారు నన్ను ఆసుపత్రికి పంపారు. పట్టణ ప్రజలు చూపిన ఆగ్రహానికి కృతజ్ఞతలు చెబుతూ ఒక లేఖ టైపు చేసి ఉంది. దాని మీద రాజేశం వేలిముద్రో సంతకమో తేవాలి. నేను వెళ్లేసరికి ఆయనకు తెలివి వచ్చి కూర్చుని ఉన్నాడు. తలంతా కట్టు. సుగుణ చెంచాతో గంజి తాగిస్తోంది. నేను లేఖ చదివి వినిపించాను. 'బయటివాని రాక్షసత్వము' అన్న చోటికి రాగానే ఆయన చేయెత్తాడు.

"బయటోడెవడు సదానందం సారు? కొట్టింది శ్రీశైలం గదా."

"ఏ శ్రీశైలం?"

"మా గల్లీల శ్రీశైలం. బొంబాయి దిక్కు భీవండిల మగ్గాల మీద పనిచేసి మొన్న వాపసొచ్చిండు. వాళ్ల నాయిన గడియారం తెచ్చి బాగు చెయ్యమన్నడు. లోపల అంతా తుప్పు పట్టింది, ఇది నడవదు బిడ్డా అన్న. తాగున్నడు. హిందీల తిట్టుకుంట పోయిండు. మళ్ల రాడ్డు తెచ్చిండు. అంతే."

"మరి ఇన్ని రోజులూ చెప్పలేదేం?"

"నిన్న సాయంత్రం తెలివచ్చింది. అప్పటిసంది డాక్టరు వచ్చిండు, లీడర్లు వచ్చిన్రు, టీవోళ్లు వచ్చిన్రు. అందరూ నాతోని ఫొటో దిగిన్రు. ఎవడు కొట్టిండని ఒక్కలు అడగలే."

లేఖ మడిచి జేబులో పెట్టుకుని ఆఫీసుకు వచ్చాను. నేను చెప్పింది విని ప్రభంజన్ గారు ఫారం ముందుకు లాక్కున్నారు. "రాజేశం ఏ వాడ?"

"పై వాడ సార్."

"ఈ శ్రీశైలం?"

"అదే గల్లీ సార్."

"అనగా ఇది కుటుంబ వ్యవహారము వంటిది," అన్నారు ప్రభంజన్ గారు. వెంటనే ఉత్తర్వు చెప్పి రాయించారు. నిన్న వ్యక్తమైన ఆగ్రహము గత తేదీ నుండి వర్తించునట్లు ఉపసంహరించడమైనది. దాని స్థానమున ఆవేదన మంజూరు చేయడమైనది.

ఆ ఉత్తర్వు వెళ్లేసరికి రెండో రోజు ఊరేగింపు గడియారస్తంభం దగ్గర ఉంది. పై వాడ సంఘం అధ్యక్షుడికి ఇలాంటివి అలవాటే. మైకు చేతులు మారేలోపే 'ఉరి తీయాలి' పోయి 'ఉపాధి కల్పించాలి' వచ్చింది. భీవండి వెళ్లి పాడైపోతున్న మన యువత గురించి ఆయన ముప్పావు గంట మాట్లాడాడు. లోకల్ చానల్ వాళ్లు అంతకుముందు రోజు చూపించిన నల్లటి ముసుగు బొమ్మ తీసేసి, శ్రీశైలం పదో తరగతి ఫొటో పెట్టారు. తెల్ల చొక్కా, నుదుట బొట్టు, చేతిలో కబడ్డీ కప్పు. 'క్షణికావేశానికి బలైన క్రీడాకారుడు' అని కింద అక్షరాలు. బలైనవాడు ఆసుపత్రిలో గంజి తాగుతున్న సంగతి ఆ అక్షరాల వెనక ఎక్కడో పడిపోయింది.

ఇక రాజేశం మీద విచారణ మొదలైంది. గడియారం నడవదని చెప్పినప్పుడు ఆయన గొంతు ఎలా ఉంది? చచ్చిపోయిన తండ్రి గుర్తు అని తెలిసీ 'తుప్పు' అనే మాట వాడటం సబబేనా? గతంలో ఎంతమంది గడియారాలు నడవవని చెప్పి పంపాడు? సంఘం తరఫున ముగ్గురు పెద్దమనుషులు ఆసుపత్రికి వెళ్లి ఇవన్నీ అడిగారు. నర్సు వాళ్లను బయటకు పంపేదాకా ఆయన ఓపికగా జవాబులు చెప్పాడు.

శ్రీశైలం మాత్రం ఎటూ పారిపోలేదు. పారిపోవాల్సిన పని లేదు కదా. సుగుణ మందుల కోసం వెళితే దుకాణం మెట్ల మీద కూర్చుని బీడీ కాలుస్తున్నాడట. చేతిలో ఏమీ లేదు. అయినా ఆమె చీటీ కొంగులో దాచుకుని మెట్లు ఎక్కకుండానే ఆగిపోయిందట. మందులు కొనకుండానే వెనక్కి వచ్చింది. ఆ సంగతి నాకు చెప్పి, "వాణ్ని ఎప్పుడు పట్టుకుంటరు సారు?" అని అడిగింది. ఎస్సై గారిని అడిగాను. "ఆవేదన మీద అరెస్టు ఎట్ల చేస్తం?" అన్నాడాయన. మరి మున్నాలాల్? "వాని మీదున్న ఆగ్రహం రద్దయినట్టు నాకు కాపీ రాలె."

కాపీ నేనే పంపాలి. కానీ ఆ కాపీ మీద ప్రభంజన్ గారి సంతకం కాలేదు, ఎందుకంటే నాలుగో రోజు కొత్త చిక్కు వచ్చింది.

శ్రీశైలం తల్లి నర్సవ్వది కింది వాడ. ముప్పై ఏళ్ల కింద పై వాడ అబ్బాయిని ప్రేమించి చేసుకుంది. మొగుడు పోయాక ఇస్త్రీ పెట్టె పెట్టుకుని కొడుకును పెంచింది. ఈ సంగతి గుర్తుకు రాగానే పై వాడ సంఘం అధ్యక్షుడు మా గదికి పరుగెత్తుకొచ్చాడు. "తల్లి రక్తం సార్! పెంచింది ఆమె. వాడు మనోడెట్లయితడు?" ఆయన వెనకే కింది వాడ సంఘం అధ్యక్షుడూ వచ్చాడు. "ఇంటిపేరు ఎవరిది? తండ్రిది. ఆమె పెండ్లి చేసుకున్ననాడే మేము స్నానం చేసి దులుపుకున్నం."

వాడు స్కూల్లో కబడ్డీ కప్పు గెలిచినప్పుడు ఇద్దరూ సన్మానం చేశారు. ఆ సన్మాన పత్రాలు రెండూ మా రికార్డులో ఉన్నాయి. 'మా వాడ ముద్దుబిడ్డ' అని రెండింటిలోనూ ఉంది. నేను వాటిని బల్ల మీద పెట్టాను. అధ్యక్షులిద్దరూ వాటిని చూడటానికి కళ్లజోళ్లు తెచ్చుకోలేదన్నారు.

ప్రభంజన్ గారు రాత్రంతా ఆలోచించి, ఐదో రోజు పొద్దున చారిత్రక నిర్ణయం ప్రకటించారు. "నిందితుడు సగము పై వాడకు, సగము కింది వాడకు చెందినవాడు కావున, పట్టణమునకు అర్ధాగ్రహము మంజూరు చేయడమైనది."

అర్ధాగ్రహం ఎలా ఉంటుందో ఆ రోజు చూశాం. బజారులో ఎడమ చేతి వైపు దుకాణాలు మూసి, కుడి చేతి వైపువి తెరిచి ఉంచారు. ఎడమ వైపు వాళ్లంతా పనిలేక కుడి వైపు హోటళ్లలో కూర్చున్నారు కాబట్టి ఆ హోటళ్లకు పండగలా ఉంది. దిష్టిబొమ్మను నడుము దాకా కాల్చి నీళ్లు పోశారు. నడుము పైదా కిందిదా కాల్చాలన్న దాని మీద కాసేపు తోపులాట జరిగింది. 'ఉరి తీయాలి' అనడం ఎక్కువ, 'ఉపాధి కల్పించాలి' అనడం తక్కువ అని తేల్చి, జనం చేత "ఏదో ఒకటి చేయాలి! ఏదో ఒకటి చేయాలి!" అనిపించారు. మా ఊళ్లో నిజాయితీ గల నినాదం ఇచ్చిన మొదటి ఊరేగింపు అదేనని నాకనిపించింది, కానీ పైకి అనలేదు.

ఆరో రోజు పదిన్నరకు అర్ధాగ్రహం కాపీ ఇవ్వడానికి పోలీస్ స్టేషనుకు వెళ్లాను. బల్ల మీద ఒక చివర సుగుణ కూర్చుని ఉంది. రోజూ వస్తోందట. మున్నాలాల్‌కు టిఫిన్ డబ్బాలో ఉప్మా తెచ్చి, అతణ్ని వదలమని అడిగి, తిట్లు తిని పోతోందట. నేను లోపలికి వెళ్లేలోపే గుమ్మంలో గోల. యాభై ఐదేళ్ల బక్కపలచటి మనిషి, తనకు రెండింతలున్న మగాడిని చొక్కా పట్టుకుని ఈడ్చుకొస్తోంది. నర్సవ్వ, శ్రీశైలం.

"సార్, నా కొడుకే కొట్టిండు. రాసుకోండ్రి," అంది నర్సవ్వ.

ఎస్సై గారు కుర్చీలోంచి లేవలేదు. "నిన్నెవరు తెమ్మన్నరమ్మా? ఫైలు ఇంకా తేలలేదు. వీడు ఎవరివాడో రెండు వాడల మధ్య పంచాది నడుస్తుంది. మళ్ల పిలుస్తం, పో."

"ఎవరోడు ఏంది సార్? నేను కన్న. ఇంట్ల రాడ్డు దొరికింది, దానికి వెంట్రుకలున్నయి." ఆమె చంకలోంచి గోనెసంచి చుట్ట తీసి ఎస్సై గారి బల్ల మీద పడేసింది. టంగుమంది. "రెండు దినాల సంది ఇద్దరు లీడర్లు మా ఇంటికొస్తున్నరు. ఒకడు వీడు మీవోడే అంటే, ఇంకోడు కాదు మీవోడే అంటడు. వీడేం చేసిండని ఒక్కడన్న అడిగిండా? అడిగితే చెప్పేదాన్ని. నిన్న రాత్రి అన్నం పెట్టి నేనే అడిగిన. ఏడ్సుకుంట చెప్పిండు."

శ్రీశైలం తల దించుకుని నిలబడ్డాడు. ఫొటోలో కంటే వయసు మీరినవాడిలా ఉన్నాడు. కళ్లు ఉబ్బి ఉన్నాయి.

సుగుణ బల్ల మీది నుంచి లేచింది. నర్సవ్వ ఎదుటికి వచ్చి, "నీ కొడుకే గదా?" అంది.

"నా కొడుకే చెల్లె."

"నన్ను చెల్లె అనకు."

నర్సవ్వ కొడుకు చొక్కా వదిలింది. పక్కకు తప్పుకుంది. అప్పుడు సుగుణ శ్రీశైలాన్ని కొట్టింది. చేతిలో ఖాళీ టిఫిన్ డబ్బా ఉంటే దాంతోనే భుజం మీద, వీపు మీద, మళ్లీ భుజం మీద. "నీకేం చేసిండురా? నీ చిన్నప్పుడు ఎత్తుకోని తిప్పిండు గదరా! నడవదన్నడు, అంతే గదరా!" అతను చెయ్యి అడ్డం పెట్టుకోలేదు. తల్లి ఆపలేదు. డబ్బా మూత ఊడి దొర్లుకుంటూ నా కాళ్ల దగ్గరికి వచ్చింది. ఆమెకు ఆయాసం వచ్చి బల్ల మీద కూలబడి ఏడ్చింది. రాజేశం తల పగిలిన ఆరు రోజులకు, ఊళ్లో ఎవరో ఒకరు ఆయన గురించి ఏడవడం నేను చూడటం అదే మొదలు. ఆ కోపానికి ధ్రువపత్రం లేదు. శ్రేణి నిర్ణయించాల్సిన ఉద్యోగిని నేనే. ఏ శ్రేణో నాకు తెలియలేదు.

ఎస్సై గారు నా వైపు చూశాడు. "సదానందం, దీన్నేం చేద్దాం?"

నా చేతిలో అర్ధాగ్రహం కాపీ ఉంది. దాని వెనక వైపు తెల్లగా ఉంది. అక్కడే నిలబడి, ఆ వెనక వైపున, గడియారం దగ్గర నుంచి రాడ్డు దాకా జరిగింది నాలుగు వాక్యాల్లో రాశాను. చదివి వినిపిస్తే శ్రీశైలం నిజమేనన్నాడు. నర్సవ్వ వేలిముద్ర వేసింది. ఫిర్యాదుదారుగా సుగుణ సంతకం చేసింది. మున్నాలాల్‌ను కటకటాల దగ్గరికి పిలిచి, చూసింది చెప్పమన్నాను. "సాబ్, మొదటి రోజు నుంచి చెప్తున్న," అన్నాడతను. మళ్లీ చెప్పాడు, సంతకం పెట్టాడు. కాగితం ఎస్సై గారి ముందు పెట్టి, సాక్షిగా నా పేరు కూడా రాశాను. ముగ్గురు సాక్షులు, నేరం ఒప్పుకున్నవాడు, రాడ్డు. ఇవన్నీ ఒకేసారి బల్ల మీద చేరేసరికి పాపం ఆయనకు కేసు రాయక తప్పలేదు.

పదకొండున్నరకు శ్రీశైలం లోపలికి వెళ్లాడు. అదే తలుపు నుంచి మున్నాలాల్ బయటకు వచ్చాడు. తలుపు ఒకటే కాబట్టి ఇద్దరూ కాసేపు ఎదురెదురుగా నిలబడి, నువ్వు ముందంటే నువ్వు ముందనుకున్నారు.

మరుసటి వారం నాకు మెమో వచ్చింది. అనుమతి లేని ఆగ్రహము ప్రభుత్వోద్యోగి సమక్షమున వ్యక్తమగుచుండగా నివారించకపోవుట, విభాగపు పత్రము వెనుక వైపును దుర్వినియోగము చేయుట. సంజాయిషీ ఇచ్చాను. మళ్లీ జనన మరణాలకు పంపారు. అక్కడ పని సులువు. పుట్టినవాడు పుట్టినట్టే, పోయినవాడు పోయినట్టే. ప్రభంజన్ గారి విభాగాన్ని చూసి నేర్చుకోవడానికి పక్క పట్టణాల నుంచి బృందాలు వస్తున్నాయని విన్నాను.

రాజేశం ఇంటికి వచ్చాడు కానీ చెయ్యి నిలకడగా ఉండటం లేదు. సన్నటి మరలు పట్టుకోలేడు. డబ్బా తెరిచి గోడ గడియారాలకు సెల్లులు మాత్రం మారుస్తున్నాడు. సుగుణ పక్కనే కూర్చుని స్క్రూలు బిగిస్తోంది. నర్సవ్వ ఒకసారి వాళ్ల ఇంటికి వెళ్లిందట. సుగుణ తలుపు తీయలేదు.

కేసు జిల్లా కోర్టుకు వచ్చింది. సాక్షిగా నేనూ వెళ్లాను. ఐదు వేల మందిలో ఒక్కరు కూడా రాలేదు. ఒక్క నర్సవ్వ వరండాలో స్తంభానికి ఆనుకుని కూర్చుంది. మున్నాలాల్ బండి కట్టేసి వచ్చాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. శ్రీశైలం తరఫు వకీలు అతణ్ని బోనులో నిలబెట్టి, గొంతు పెంచి అడిగాడు.

"నీది ఏ ఊరయ్యా?"

"ఎర్రమడుగు సాబ్."

"అది కాదు. అసలు ఊరు?"

"ఎర్రమడుగే సాబ్."

"అసలు, అసలు! పుట్టింది ఎక్కడ?"

మున్నాలాల్ జడ్జిగారి వైపు తిరిగాడు. "సాబ్, పుట్టిన ఊళ్ల ఎవని తల పగలలేదు. పగిలింది ఈడ. నేను చూసింది ఈడ."

జడ్జిగారు వకీలును తరువాతి ప్రశ్నకు వెళ్లమన్నారు. వకీలు కాగితాలు సర్దుకుని కూర్చున్నాడు.

శ్రీశైలానికి నాలుగేళ్లు పడింది. తీర్పు రోజున ఎర్రమడుగుకు సాయంత్రం నాలుగింటి బస్సు ఒక్కటే ఉంది. అందరం అదే ఎక్కాం. నర్సవ్వ ముందు సీట్లో కిటికీ వైపు తిరిగి కూర్చుంది. దారంతా తల తిప్పలేదు. రాజేశం, సుగుణ వెనక ముగ్గురి సీట్లో కూర్చున్నారు. మున్నాలాల్‌కు సీటు దొరక్క కడ్డీ పట్టుకుని నిలబడ్డాడు. కండక్టరు టికెట్లు ఇచ్చుకుంటూ వచ్చి, "ఏయ్ భయ్యా, ఎక్కడికి?" అన్నాడు.

"ఆయన మాతోటి," అంది సుగుణ. సంచి తీసి ఒళ్లో పెట్టుకుని, మొగుడిని కిటికీ వైపు జరగమంది. "కూసో," అంది మున్నాలాల్‌తో. "గంట సేపు నిలబడతావా ఏంది?"